ముందు చెయ్యి తడుపు

మా తెలుగు ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చేవి రెండే రకాలు. ఒకటి ఆ రోజు వాక్యం, రెండోది ఎవరిదో పుట్టినరోజు. అందుకని హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చి, టీ పెట్టుకుని, కాళ్ళు చాపుకున్నాకే ఫోన్ చూస్తాను. మొన్న అలా చూసేసరికి చేతులు జోడించిన బొమ్మలు వరసగా కనిపించాయి. పైకి జరుపుకుంటూ పోయి అసలు మెసేజ్ చదివాను. ఫిషింగ్ అంకుల్ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. నిద్రలోనేనట.

కాసేపటికి అందరూ ఫోటోలు పెట్టడం మొదలుపెట్టారు. ఒకప్పుడు ఈ కాల్గరీలో చదువుకుంటూనో, పార్ట్‌టైమ్ పనులు చేసుకుంటూనో ఆయన పడవ ఎక్కిన పిల్లలు. ఇప్పుడు ఒకళ్ళు రిచ్‌మండ్ హిల్‌లో ఉంటే ఇంకొకళ్ళు ఇంకెక్కడో ఉన్నారు. ఒక్క ఫోటోలోనూ చేప లేదు. ఫోటో కోసం చేపని నీళ్ళల్లోంచి పైకెత్తడం ఆయన పడవలో నిషేధం. అందుకని ప్రతి ఫోటోలోనూ ఆయనే ఉన్నారు. రెండు చేతుల్లో తెడ్లు, నెత్తిన మాసిన టోపీ, ఫోటో తీసేవాళ్ళని మింగేసేట్టు ఒక చూపు.

ఆయన పేరు తెలిసినవాళ్ళం కూడా ఎప్పుడూ వాడలేదు, ఇక్కడా రాయను. "నా పేరుతో చేపకేం పని?" అనేవారు ఎవరైనా అడిగితే. మనిషి పొట్టి, గుండ్రం. ఎండాకాలమైనా చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునేవారు. బందరు మనిషి. ఆయిల్ కంపెనీలో పైపుల డ్రాయింగులు గీసి గీసి రిటైరై, మర్నాడే పాత పడవ కొని, బో నది మీద ఫ్లై ఫిషింగ్, అంటే ఉత్తుత్తి ఈగ కట్టిన గేలంతో చేపలు పట్టడం, చూపించే గైడ్ అవతారం ఎత్తారు. అణకువ అనేది ఆయన ఛాయలకి రాలేదు. "ఈ ఏటి మీద నా అంత గైడు లేడమ్మాయ్. పక్కవాళ్ళు చెప్పరుగా, అందుకని నేనే చెప్పుకోవాల్సి వస్తోంది" అనేవారు.

ఏటితో మాత్రం ఇంగ్లీషులోనే మాట్లాడేవారు. పడవ నీళ్ళల్లోకి తోస్తూ గుడ్ మార్నింగ్ చెప్పేవారు, వెళ్ళేటప్పుడు థాంక్యూ చెప్పేవారు. ఏమిటంకుల్ ఇది అంటే, "దానికి తెలుగు రాదు కదా" అనేవారు సీరియస్‌గా. చేప తప్పించుకుపోయినప్పుడు తిట్లు మాత్రం అచ్చ తెలుగులో వచ్చేవి. అవి దానికి అర్థం కాకూడదని.

ఇంత చేపల మనిషి ఆ ఏటి చేప రుచి ఎరగరు. మేమున్న వైపు బో నదిలో ట్రౌట్ చేప పడితే మళ్ళీ నీళ్ళల్లో వదిలెయ్యాలి, అది రూలు. ఆయన ఇండియన్ స్టోర్‌లో ఫ్రీజర్ ముందు నిలబడి, మంచు పట్టిన శీలావతి ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ, "ఇది చచ్చి ఎన్నాళ్ళయిందో దీనికే గుర్తుండదు" అని గొణుక్కుంటూ అవే కొనుక్కెళ్ళేవారు. ఆ ఫ్రీజర్ దగ్గర ఆయన్ని చాలాసార్లు చూశాను గానీ, ఆయనతో పని పడుతుందని అప్పట్లో అనుకోలేదు.

మా ఆయనకి స్ట్రోక్ వచ్చింది. ప్రాణం దక్కింది, నడక వచ్చింది, మాట వచ్చింది. కుడి చెయ్యి సగమే వచ్చింది. వేళ్ళు ముడుచుకుంటాయి గానీ గ్లాసు పట్టుకునేంత బలం లేదు. మాట వచ్చిందన్నాను గానీ, వచ్చిన మాటని వాడటం మానేశాడు. ఎక్సర్‌సైజులు చేయించే అమ్మాయి వస్తే కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. ఆ చేతిని ఎప్పుడూ జాకెట్ జేబులోనే ఉంచుకునేవాడు, ఇంట్లో కూడా. నేను నర్సుని. ఇలాంటివాళ్ళని వార్డులో ఎంతమందినో నవ్వించాను. నా ఇంట్లో మాత్రం ఏం చెయ్యాలో తోచలేదు.

ఒకరోజు డాక్టర్ దగ్గర్నుంచి వస్తుంటే, వంతెన మీద కారు ఆగినప్పుడు మా ఆయన కిందికి చూశాడు. నదిలో ఒక పడవ, అందులో ఒకడు గాల్లో తాడు ఆడిస్తున్నాడు. "ఒకసారి వెళ్దామా?" అన్నాడు. నర్సాపురంలో కాలవగట్టు మీద గేలం పట్టుకుని పెరిగిన మనిషి. స్ట్రోక్ వచ్చాక ఆయన నోటివెంట వచ్చిన మొదటి కోరిక అది. నేను స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, మామూలుగా వినిపించేట్టు "వెళ్దాం" అన్నాను.

ఇక గైడ్ కోసం వెతకడం మొదలుపెట్టాను. ప్రతి వెబ్‌సైట్‌లోనూ బారసాలలో పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు చేపని ఎత్తుకుని నవ్వే మనుషులే. ఎలా ఎంచుకోవాలో అర్థం కాలేదు. పరాయివాడి ముందు ఆ చెయ్యి మొరాయించి మా ఆయన సిగ్గుపడితే ఇక జన్మలో ఇల్లు కదలడని నా భయం. అందుకని ఫోన్ చేసి అందరినీ ఒకటే అడిగాను: ఒక చెయ్యి సరిగ్గా పనిచెయ్యదు, ఏం చేస్తారు? ఒకాయన అసలది వినిపించుకోకుండా చేప గ్యారంటీ అన్నాడు. ఇంకొకాయన చాలా మంచివాడు. "నో ప్రాబ్లమ్, ఆయన హాయిగా కూర్చుని చూడొచ్చు, నేను పట్టి చూపిస్తాను" అన్నాడు ఎంతో దయగా. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది.

ఫెలోషిప్‌లో ఒక ఆంటీ చెబితే ఫిషింగ్ అంకుల్‌కి ఫోన్ చేశాను. సంగతంతా చెప్పి, "చేప పడుతుందా అంకుల్?" అని అడిగాను.

"నాకేం తెలుసమ్మాయ్? నేనేమన్నా చేపనా?"

"మరి ఆయన చెయ్యి..."

"ఫోన్‌లో చెయ్యి ఎలా కనపడుద్ది? శనివారం వస్తా, టీ పెట్టు. నువ్వు నన్ను చూసుకో, నేను అల్లుణ్ణి చూసుకుంటా. రెండు వైపులా నచ్చితేనే పడవ."

పెళ్ళిచూపులకి వచ్చినట్టే వచ్చారు. ఉతికిన చొక్కా, చేతిలో సొంత స్టీలు గ్లాసు. పింగాణీ కప్పులో టీ ఆయనకి దిగదు. సోఫాలో మా ఆయనకి ఎదురుగా కూర్చుని, వందనాలు కూడా చెప్పకుండా, "ఏం అల్లుడూ, ఆ జేబులో ఏం దాచావ్?" అన్నారు.

మా ఇంట్లో ఎవరూ ఆ చేతి మాట ఎత్తరు.

"చెయ్యి" అన్నాడు మా ఆయన.

"పని చేస్తదా?"

"చెయ్యదు."

"నోరు?"

మా ఆయన తలెత్తి, "చేస్తుంది" అన్నాడు.

"హమ్మయ్య. పడవలో మాటాడేవాళ్ళు లేకపోతే నాకు తోచదు."

టీ తాగి, మా ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, గేలం బదులు ఉన్ని ముక్క కట్టిన రాడ్‌ని ఎడం చేతికిచ్చారు. గాల్లో తాడు వెనక్కి వెళ్ళాలి, అది పూర్తిగా సాగేదాకా ఆగాలి, అప్పుడు ముందుకి విసరాలి. కష్టమంతా ఆ ఆగడంలోనే ఉంది. "ఆగు! ఆగమన్నానా? ఎక్కడికయ్యా ఆ తొందర, ఆఫీసు కూడా లేదుగా నీకు?" అని అరుస్తున్నారు. నేను వంటింట్లో సింకు దగ్గర గ్లాసులు కడుగుతూ వింటున్నాను. కాసేపటికి మా ఆయన గొంతు కూడా లేచింది. "మీరలా చెవిలో అరుస్తుంటే ఎవడు విసురుతాడండీ!" అంటున్నాడు. ఎన్నో నెలల తర్వాత మా ఇంట్లో ఇద్దరు మనుషులు పోట్లాడుకుంటున్నారు. నాకెంత ఆనందం వేసిందంటే, కుళాయి కట్టకుండా అలాగే నిలబడిపోయాను. గైడ్ దొరికాడని అప్పుడే తేల్చేసుకున్నాను.

వెళ్తూ వెళ్తూ, "పాత పట్టుచీర ఉందా అమ్మాయ్? అంచు చిరిగింది?" అని అడిగారు. ఆయన గేలానికి కట్టే ఈగలు ఆయనే చేసుకుంటారు, నెమలీకతో, దారాలతో. 'దొంగ ఈగలు' అనేవారు వాటిని. పొట్ట దగ్గర మెరుపు కోసం జరీ పోగు చుడతారట. ఫెలోషిప్‌లో ఆడవాళ్ళ పాత చీరల అంచులన్నీ ఆయన డబ్బాలో ఉన్నాయని తర్వాత తెలిసింది. నా పెళ్ళి తెల్లచీర కొంగు ఒక పక్క పోగులు లేచి ఉంది. అందులోంచి మూరెడు జరీ లాగి ఇచ్చాను.

అప్పుడప్పుడే ఈ ఊరు స్టూడెంట్లతో నిండిపోతున్న రోజులు. ఏ బేస్‌మెంట్ చూసినా నలుగురైదుగురు, ఏ గ్యాస్ స్టేషన్‌లో ఆగినా కౌంటర్ వెనక మన పిల్లలే. ఆరాధన అయ్యాక అంకుల్ వాళ్ళని చర్చి పక్క గడ్డిలో నిలబెట్టి విసరడం నేర్పేవారు. మా ఆయన్నీ అందులో చేర్చారు. ఒకమ్మాయి ఉండేది. కరీంనగర్ పిల్ల, సార్నియాలో కాలేజీ అయ్యాక పని కోసం ఇక్కడికి వచ్చింది. ఒకరోజు రాడ్ పక్కన పెట్టేసి అడిగింది.

"అంకుల్, నాకు తెల్వక అడుగుత. గంత కష్టపడి పట్టి, మల్ల నీళ్ళల్ల ఇడ్సిపెట్టుడేంది?"

"రూలమ్మా."

"మరి మనం పోవుడెందుకు?"

"అదే నన్ను నేను ఇన్నేళ్ళుగా అడుక్కుంటున్నా. నీకు తెలిస్తే నాకూ చెప్పు."

ఆ పిల్ల నవ్వి, గడియారం చూసుకుని, "షిఫ్ట్ ఉంది అంకుల్, పోత" అంది. "మీ అందరికీ షిఫ్టులే. కాస్త ఆగడం రాదు మీకు" అని విసుక్కుంటూనే, బస్సు ఆలస్యమవుతుందని ఆయనే కారులో దింపేవారు. ఆ డ్రైవింగ్ గురించి రాయకపోవడమే మంచిది.

ఆగస్టులో మొదటిసారి ఏటికి వెళ్ళాం. తెల్లవారుతూనే పడవ దింపాం. ముందు సీట్లో మా ఆయన, మధ్యలో తెడ్ల దగ్గర అంకుల్, వెనక నేను, నా ఒళ్ళో కూలర్. అంకుల్ మూత తీసి లోపలికి తొంగి చూశారు. చింతపండు గుజ్జు, తరిగిన ఉల్లిపాయలు, కారం, కొత్తిమీర, చిన్న గిన్నె. కింద చిన్న గ్యాస్ స్టవ్.

"ఏంటమ్మాయ్ ఇది?"

"పులుసుకండి. రూలు తెలుసు గానీ, ఒక్కటైనా ఉంచుకోనివ్వరా అని..."

ఆయన నవ్విన నవ్వుకి పడవ ఊగింది. "తెలుగువాళ్ళంతా తెస్తారు. ఒక్కళ్ళూ నమ్మరు" అన్నారు. అడుగున ఉడికించిన గుడ్లు చూసి, "ఇవి బానే తెచ్చావ్" అని మూత పెట్టేశారు.

ఎండ ఎక్కుతుండగా మా ఆయన గేలానికి ఒక చేప తగిలింది. రాడ్ వంగింది. ఎడం చేత్తో రాడ్ పట్టుకున్నాడు సరే, తాడు లాగడానికి కుడి చెయ్యి కావాలి. అది జేబులోంచి బయటికి వచ్చింది, తాడు మీద పడింది, జారిపోయింది. తాడు వదులయ్యేసరికి చేప విదిలించుకుని పోయింది. మా ఆయన చెయ్యి మళ్ళీ జేబులోకి వెళ్ళింది.

"ఇంకొకటి పడుతుందిలెండి" అన్నాను. అంకుల్ తాడు కట్టిన థర్మామీటర్‌ని నీళ్ళల్లో ముంచి, తీసి చూసి, పడవని గట్టు వైపు తిప్పారు.

"ఇవాళ్టికి చాలు."

"అదేంటంకుల్! ఇంకా మధ్యాహ్నమే కాలేదు."

"నీళ్ళు వేడెక్కాయి. ఈ వేడిలో గేలానికి పెనుగులాడితే చేప అలిసిపోద్ది. వదిలేసినా బతకదు."

"ఒక్కసారి అంకుల్. ఈయన కోసం."

"ఏటికి జ్వరమొచ్చిందమ్మాయ్. జ్వరమొచ్చినవాళ్ళని పరిగెత్తిస్తావా? నర్సువి కదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇలా ఉత్త చేతులతో వెళ్తే ఈయన్ని మళ్ళీ ఇల్లు కదిలించేదెవరు?" అని మా ఆయన వింటుండగానే అనేశాను.

"నేను" అన్నారాయన, తెడ్లు ఆపకుండా.

గట్టు మీద స్టవ్ వెలిగించి, నా చింతపండు గుజ్జుతో ఆయనే గుడ్ల పులుసు పెట్టారు. తినేముందు టోపీ తీసి ప్రార్థన చేశారు. "ప్రభువా, థాంక్స్. ఆమెన్." అంతే. ఫెలోషిప్‌లో ఆయన ప్రార్థన చేస్తానంటే పిల్లలు సంబరపడేది అందుకే. పులుసు బాగుంది, ఆ కోపంలోనూ రెండోసారి వడ్డించుకున్నాను.

తిరిగి వస్తుంటే కారులో మా ఆయన "నా మీద జాలిపడి రూలు మార్చలేదు, చూశావా?" అన్నాడు. గొంతులో బాధ లేదు. "స్ట్రోక్ వచ్చిన దగ్గర్నుంచి అందరూ నన్ను చూసి అన్నీ మార్చేస్తున్నారు. ఆయన చేపని చూశాడు. నాకు బాగుంది." మర్నాడు ఎక్సర్‌సైజుల అమ్మాయి వస్తే కళ్ళు తెరిచే కూర్చున్నాడు.

సెప్టెంబర్‌లో చలి మొదలయ్యాక అంకుల్ ఫోన్ చేశారు. "ఏటికి జ్వరం తగ్గింది, అల్లుణ్ణి తీసుకురా." ఒడ్డున ఆకులు పసుపు తిరిగాయి. నీళ్ళల్లో వేలు పెడితే జివ్వుమంటోంది. ఆ రోజు తాడు చివర కట్టిన దొంగ ఈగ పొట్టకి నా పెళ్ళిచీర జరీ చుట్టి ఉంది. ఈసారి అంకుల్ ముందే చెప్పారు. "తగలగానే రాడ్‌ని చంకలో ఇరికించు. ఎడం చేత్తో తాడు చుట్టే రీల్ తిప్పు. చూడ్డానికి దరిద్రంగా ఉంటది. చూసేది మేమిద్దరమేగా."

తగిలింది. చూడ్డానికి నిజంగానే దరిద్రంగా ఉంది. మా ఆయన పడవలో అటూ ఇటూ వంగిపోతూ, చంకలో రాడ్ నొక్కిపెట్టి, పళ్ళు బిగించి రీల్ తిప్పుతున్నాడు. "ఆగు! ఇప్పుడు తిప్పు! ఆగమంటే!" అని అంకుల్ అరుస్తూ పడవని లోతులేని చోటికి తోశారు. చేప వలలోకి వచ్చింది. వల నీళ్ళల్లోనే ఉంచి, గేలం ఊడదీసి, మా ఆయన్ని మెల్లగా నీళ్ళల్లోకి దింపారు.

"ముందు చెయ్యి తడుపు" అన్నారు. పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు ఊడొస్తుందని, అది పోతే దానికి జబ్బు చేస్తుందని, ఆ మాట గడ్డి మీద పాఠాల్లో కూడా వందసార్లు చెప్పేవారు. మా ఆయన ఎడం చెయ్యి ముంచాడు.

"అది కాదు. రెండోది."

మా ఆయన కదల్లేదు.

"అల్లుడూ, చేపని వదిలేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటే. గట్టిగా పట్టుకుంటారు. నా చేతులూ అంతే, అలవాటు పోదు. ఇక్కడ పట్టు లేని చెయ్యే కావాలి. నీ దగ్గర ఉంది. తియ్యి."

మా ఆయన జేబులోంచి చెయ్యి తీశాడు. నీళ్ళల్లో ముంచాడు. అంకుల్ ఆ చేతిని చేప పొట్ట కిందికి జరిపి, చేప మూతి ఏటికి ఎదురు తిప్పి, తన చేతులు తీసేశారు. సగం ముడుచుకున్న ఆ వేళ్ళ మీద చేప అలాగే ఉంది, మొప్పలు ఆడిస్తూ. అంకుల్ ఈసారి ఆగు అనలేదు. కాసేపటికి తోక ఒక్కసారి విదిలించి అది వెళ్ళిపోయింది.

"తోక తెలిసింది" అన్నాడు మా ఆయన నావైపు తిరిగి. "అరచేతిలో తెలిసింది." ఇద్దరం ఏడ్చాం. అంకుల్ తనకేం పట్టనట్టు ఏటికి ఇంగ్లీషులో థాంక్యూ చెబుతున్నారు.

ఆ చెయ్యి ఇప్పటికీ గ్లాసు పట్టుకోదు. కానీ ఆ తర్వాత మళ్ళీ జేబులోకి వెళ్ళలేదు. బల్ల మీద ఉంటుంది, మాట్లాడేటప్పుడు గాల్లో తిరుగుతుంది, నా భుజం మీదా పడుతుంది.

చర్చి హాల్లో అంకుల్‌ని చివరిసారి చూడ్డానికి శనివారం వెళ్ళాం. మెడదాకా గుండీలు పెట్టి పెట్టెలో పడుకోబెట్టి, టోపీ పక్కన ఉంచారు. స్టూడెంట్లుగా ఆయన పడవ ఎక్కినవాళ్ళు ఇప్పుడు చంకలో పిల్లలతో వచ్చారు. కరీంనగర్ పిల్ల టొరంటో నుంచి ఫ్లైట్‌లో వచ్చి, నన్ను పట్టుకుని, "ఎందుకు ఇడ్సిపెడతరో ఇంక ఎవర్ని అడగాలె ఆంటీ?" అని ఏడ్చింది. వరస పెట్టె దగ్గరికి మెల్లగా జరుగుతోంది. మా వంతు వచ్చేముందు చూస్తే మా ఆయన పక్కన లేడు. ఒక్కడే ఏడవడానికి పక్కకి వెళ్ళాడేమో అనుకున్నాను.

బాత్‌రూమ్ తలుపు తీసుకుని వచ్చాడు. కుడి చెయ్యి ముందుకి చాపి ఉంది. కోటు చేతి అంచు మీంచి నీళ్ళు కారి కార్పెట్ మీద పడుతున్నాయి.

"తుడుచుకోండి" అని నేను టిష్యూ ఇవ్వబోయాను.

తల అడ్డంగా ఊపాడు. పెట్టె దగ్గరికి వెళ్ళి, జోడించి ఉన్న అంకుల్ చేతుల కిందికి ఆ తడి చెయ్యి మెల్లగా జరిపాడు. కాసేపు అలాగే ఉంచి, తీసేశాడు.